మతిమరుపా, అల్జీమర్సా? అనుమానం వచ్చిన నాటి నుంచి మందుల దాకా వరుసగా చేయవలసిన పనులు

"నాన్న అడిగిందే అడుగుతున్నారు, ఎంఆర్ఐ తీయించాలా?" చాలామంది మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. తీయించవలసిందే. కానీ అది మొదటి పని మాత్రం కాదు. అల్జీమర్స్‌ను గుర్తించడంలో డాక్టరుకు స్కానింగుకన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇంట్లోవాళ్ళు తేదీలతో సహా చెప్పే వివరం. అది లేకుండా వెళ్తే మంచి డాక్టరు కూడా పది నిమిషాల్లో "వయసు ప్రభావం" అని రాసి పంపేసే అవకాశం ఉంది.

కింద చెప్పిన వరుస అందుకే ఇంటి నుంచి మొదలవుతుంది. మందుల మోతాదులు మీ చేతిలోని చీటీ అర్థం కావడానికి ఇచ్చినవి. వాటిని చూసి సొంతంగా మొదలుపెట్టవద్దు.

1. వయసు మరుపుకు, జబ్బుకు తేడా చూడండి

కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం, తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయి సాయంత్రానికి గుర్తుకు రావడం వయసుతో వచ్చేవే. ఆ మరుపు రోజువారీ పనికి అడ్డం వస్తోందా లేదా అన్నదే గీటురాయి.

ఇవి కనిపిస్తే వాయిదా వేయకండి:

- నిన్న వెళ్ళిన పెళ్ళి సంగతి గుర్తు చేసినా గుర్తుకు రాకపోవడం
- నలభై ఏళ్ళుగా చేస్తున్న పులిహోరకు ఏది ముందు, ఏది తర్వాత అని తడబడటం
- చిల్లర లెక్క తప్పడం, ఒకే కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం
- రోజూ వెళ్ళే వీధిలోనే దారి తప్పడం
- గొలుసు తానే బియ్యం డబ్బాలో దాచి, పనిమనిషి తీసిందని నమ్మడం
- మాట దొరకక "అదీ... అదీ" అంటూ ఆగిపోవడం
- ఇష్టంగా వెళ్ళే భజనకో పేకాటకో కారణం చెప్పకుండా మానేయడం

పాత సంగతులు పూసగుచ్చినట్లు చెబుతున్నారు కదా అని నిశ్చింతగా ఉండవద్దు. కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం ఈ జబ్బులో ముందుగా దెబ్బతింటుంది. అందుకే యాభై ఏళ్ళ కిందటి పెళ్ళి విందు గుర్తుండి, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు.

ఒక హెచ్చరిక. అయోమయం ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వస్తే అది అల్జీమర్స్ తీరు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, పక్షవాతం, తలకు తగిలిన దెబ్బ వంటివి కారణం కావచ్చు. అప్పుడు ఈ వరుసంతా పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

2. రెండు వారాలు నోటుబుక్కు రాయండి

మొత్తం ప్రక్రియలో ఎక్కువమంది వదిలేసే పని ఇదే. ఖర్చు లేనిది, ఫలితం ఎక్కువ ఇచ్చేది కూడా ఇదే.

"బాగా మరచిపోతున్నారు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ఇలా రాయాలి: "మంగళవారం సాయంత్రం 4 గంటలకు టీ తాగారు. 4:20కి టీ ఇవ్వలేదని కోప్పడ్డారు. ఖాళీ గ్లాసు చూపించినా నమ్మలేదు." రోజు, వేళ, జరిగింది, మీరు ఏం చేస్తే సర్దుకుంది అన్నవి చాలు. మంచిగా గడిచిన రోజు కూడా రాయండి.

చివరి పేజీలో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ఉండాలి:

- ఎప్పుడు మొదలైంది? నెల గుర్తు లేకపోతే పండుగతో పోల్చుకోండి: పోయిన సంక్రాంతికి ముగ్గు వేశారా, దసరాకు చుట్టాలను గుర్తుపట్టారా?
- ఎలా పెరిగింది? మెల్లగా పెరుగుతూ వస్తే అల్జీమర్స్ వైపు చూస్తారు. మెట్టు దిగినట్లు ఒక్కసారిగా తగ్గి, కొన్నాళ్ళు అలాగే ఉండి, మళ్ళీ తగ్గితే మెదడు రక్తనాళాల సమస్యను అనుమానిస్తారు.
- మొదట దెబ్బతిన్నది ఏది? జ్ఞాపకం కన్నా ముందు స్వభావం మారిపోయి, సిగ్గూ బిడియం లేని మాటలు వస్తే అది ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా కావచ్చు (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గే జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు, అల్జీమర్స్ వాటిలో ఒకటి). గదిలో లేని పిల్లలు, మనుషులు కనిపిస్తూ, నడక బిగుసుకుపోతే లెవీ బాడీ డిమెన్షియా కావచ్చు. వీటి జాగ్రత్తలు వేరు.
- ఏ పనులు సొంతంగా చేసుకోవడం మానేశారు?

ఈ వివరం రాయవలసింది కలిసి ఉంటున్న మనిషి. అమెరికా నుంచి ఆదివారం వీడియో కాల్ చేసే కొడుకుకు ఆ పది నిమిషాలూ అమ్మ చక్కగానే కనిపిస్తుంది. "తిన్నావా నాన్నా, పిల్లలు బాగున్నారా" అనే మాటలు అలవాటుగా వచ్చేస్తాయి. కోడలు చెప్పేది ఒకటి, కొడుకు నమ్మేది ఒకటి అయ్యే గొడవ చాలా ఇళ్ళలో ఇక్కడే మొదలవుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్ళు తీర్పు చెప్పే ముందు కనీసం ఒక వారం ఆ ఇంట్లో ఉండి చూడటం మంచిది.

3. మందుల డబ్బా మొత్తం బయట పెట్టండి

ఏళ్ళ తరబడి వాడుతున్నవి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్నవి, పక్కింటావిడ ఇచ్చిన ఆకు మందు, అన్నీ ఒక బల్ల మీద పేర్చి ఫొటో తీయండి. మతిమరుపును పెంచే మందులు వీటిలో దొరకడం అరుదేమీ కాదు:

- నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే ఆల్‌ప్రజొలామ్, క్లొనాజిపామ్ వంటివి
- జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, దురదకు వాడే హైడ్రాక్సిజిన్
- నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్
- వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్
- మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్

షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాసుకని రోజూ పరగడుపున వేసుకునే పాంటప్రజోల్, ఒమిప్రజోల్ దీర్ఘకాలంలో విటమిన్ బి12ను తగ్గించగలవు, అది తగ్గినా మతిమరుపు వస్తుంది. మన దగ్గర గ్యాసు మాత్ర మానకుండా ఏళ్ళ పాటు వాడేవాళ్ళు ఎందరో లెక్కలేదు. శాకాహారులైతే ఇంకా జాగ్రత్త.

పొరపాటు: జాబితా చూసి భయపడి మీరే ఆపేయడం. నిద్రమాత్రలను ఒక్కసారిగా ఆపితే మూర్ఛ కూడా రావచ్చు. జాబితా డాక్టరుకు చూపించి, ఏది ఎలా తగ్గించాలో అడగండి.

4. కారణాల గురించి తెలుసుకోవలసినంత

అల్జీమర్స్‌లో మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలు కడుతుంది, కణాల లోపల టౌ అనే ప్రొటీన్ చిక్కుపడుతుంది. క్రమంగా కణాలు చనిపోతాయి. లక్షణాలు బయటపడటానికి 15-20 ఏళ్ళ ముందే ఈ మార్పులు మొదలవుతాయి. కాబట్టి ఇల్లు మారడం వల్లనో, భర్త పోయిన దిగులు వల్లనో జబ్బు వచ్చిందనుకోవడం సరికాదు. అప్పటికే లోపల ఉన్నది ఆ మార్పు వల్ల బయటపడి ఉంటుంది.

అన్నింటికన్నా పెద్ద కారణం వయసు. 65 దాటాక సుమారు ప్రతి అయిదేళ్ళకు రిస్కు రెట్టింపవుతుంది. మన దేశంలో 60 దాటినవారిలో దాదాపు 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఏదో ఒక రకమైన డిమెన్షియా ఉన్నట్లు అంచనా. అందులో ఎక్కువ భాగం అల్జీమర్స్‌దే.

"అమ్మకు వచ్చింది, నాకూ వస్తుందా?" తప్పనిసరిగా ఏమీ కాదు. తరతరాలుగా కచ్చితంగా సంక్రమించే రకం నూటికి ఒకరిలో కూడా ఉండదు, అది ఎక్కువగా 65 లోపే బయటపడుతుంది. ఏపీఓఈ-4 అనే జన్యువు రిస్కును పెంచుతుంది, అంతే. అది ఉన్నా జబ్బు రానివారు ఉన్నారు.

మన చేతిలో ఉన్నవి కొన్ని. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ 14 అంశాలను గుర్తించి, వాటిని సరిచేయగలిగితే డిమెన్షియాలో 45 శాతం దాకా నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం, కుంగుబాటు, కాలుష్యం ఆ జాబితాలోవే. వీటిలో మనవాళ్ళు అసలు పట్టించుకోనిది వినికిడి. చెవిటి మిషను పెట్టుకోవడం నామోషీ అనుకుని మాటల నుంచి, మనుషుల నుంచి దూరమైపోతుంటారు.

రెండు భాషలు వాడటం కలిసివస్తుందని చెప్పిన పెద్ద అధ్యయనం హైదరాబాద్‌లోదే. నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించారు. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించింది, చదువు రానివారిలో కూడా.

5. ఎవరికి చూపించాలి, ఏం పట్టుకెళ్ళాలి

న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు, వృద్ధుల వైద్య నిపుణుడు, ఈ ముగ్గురిలో ఎవరైనా మొదలుపెట్టగలరు. దగ్గరలో మెమరీ క్లినిక్ ఉంటే ముందు అక్కడ అడగండి. అదీ లేకపోతే మీ ఫిజీషియన్ కింద చెప్పిన రక్తపరీక్షలు రాయగలరు. వాటి కోసం నగరానికి పరుగెత్తనక్కర్లేదు.

పెద్దవారిని ఒప్పించేటప్పుడు "మతి పరీక్ష" అనవద్దు. "ఏడాదికోసారి బీపీ, షుగరు, చెవులు చూపించుకుందాం" అంటే సరిపోతుంది, అది అబద్ధం కూడా కాదు.

సంచిలో ఉండవలసినవి:

- నోటుబుక్కు, మందుల ఫొటో, మందులు
- పాత రిపోర్టులు, తలకు దెబ్బ తగిలిన చరిత్ర ఉంటే ఆ కాగితాలు
- కళ్ళజోడు, చెవి మిషను (ఇవి లేక పరీక్షలో తప్పేవారు చాలామంది)
- లోపలికి వెళ్ళే ముందే డాక్టరుకు అందించడానికి అరపేజీ చీటీ

ఆ చీటీ ఎందుకంటే, పెద్దవారి ఎదురుగా కూర్చుని "మా నాన్నకు ఏమీ గుర్తుండదండీ" అని చెప్పడం పెద్దమనిషిని నలుగురిలో అవమానించినట్లే. ఆ కోపంతో మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు.

పొద్దుటి అపాయింటుమెంటు తీసుకోండి. సాయంత్రానికి అలసట, అయోమయం పెరుగుతాయి.

6. పరీక్షల వరుస

ముందు జ్ఞాపకశక్తి పరీక్ష. ఎంఎంఎస్‌ఈ, మోకా వంటివి 30 మార్కులకు ఉంటాయి. వీటిపై చదువు ప్రభావం చాలా ఉంటుంది. రిటైరైన లెక్చరరుకు 28 వచ్చినా జబ్బు ఉండవచ్చు. బడి ముఖం చూడని రైతుకు 20 వచ్చినా లేకపోవచ్చు. అందుకే పరీక్ష తెలుగులో, చదువుకు తగినట్లుగా జరగాలని అడగండి. ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగులోనూ ఉంది. ఇంగ్లీషు తేదీ చెప్పలేని అమ్మమ్మ తిథి, మాసం తడుముకోకుండా చెబితే ఆ మాట డాక్టరు చెవిన వేయండి.

జవాబులు మీరు అందించవద్దు. భర్తకు తెలియకపోతే భార్య చెప్పేయడం ప్రతి ఓపీలోనూ కనిపించే దృశ్యం.

తర్వాత రక్తపరీక్షలు. ఇవి సరిచేయగల కారణాలను వెతకడానికి:

- హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్తపరీక్ష
- బి12
- థైరాయిడ్ (టీఎస్‌హెచ్)
- సోడియం, కాల్షియం, షుగరు
- కిడ్నీ, లివరు పరీక్షలు
- డాక్టరుకు అవసరమనిపిస్తే హెచ్‌ఐవీ, సిఫిలిస్

వీటితోపాటు కుంగుబాటు ఉందేమో చూడాలి. పెద్ద వయసులో దిగులు చాలాసార్లు మతిమరుపు వేషంలోనే వస్తుంది. దిగులున్న మనిషి "నాకేమీ గుర్తుండటం లేదు" అని తానే వాపోతారు. అల్జీమర్స్ ఉన్న మనిషి సాధారణంగా "నాకేమైంది, బాగానే ఉన్నాను" అంటారు.

అప్పుడు ఎంఆర్ఐ. వీలు కాకపోతే సీటీ. దీనితో కణితులు, పాత పక్షవాతాలు, తలలో పేరుకున్న రక్తం, నీరు చేరడం వంటివి తేలతాయి. పుర్రె లోపల మెల్లగా పేరుకున్న రక్తాన్ని, నీటిని ఆపరేషనుతో తీయవచ్చు. అందుకే ఈ మెట్టు దాటవేయకూడదు. రిపోర్టులో "వయసుకు తగిన కుదింపు" అని ఉన్నంత మాత్రాన అల్జీమర్స్ లేదని కాదు. తొలి దశలో స్కాన్ మామూలుగానే ఉండవచ్చు.

ఇంకా సందేహం మిగిలితేనే పెట్ స్కాన్, వెన్ను నీటి పరీక్ష. పీ-టౌ217 అనే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్షలు కూడా వచ్చాయి. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ఒక పరీక్షను 55 ఏళ్ళు, ఆపైన ఉండి లక్షణాలున్నవారికి అనుమతించింది. ఏ ఇబ్బందీ లేని మనిషి సరదాకు చేయించుకునేది కాదది. ఫలితం వచ్చాక దానితో ఏమీ చేయలేక రాత్రిళ్ళు నిద్ర పోగొట్టుకోవడమే మిగులుతుంది.

7. మందులు మొదలుపెట్టాక

ముందే ఒక మాట అనుకోండి: ఈ మాత్రలతో పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. కొంతకాలం లక్షణాలు నిలకడగా ఉంటే మందు పనిచేసినట్లే.

డొనెపెజిల్. సాధారణంగా రాత్రి 5 మి.గ్రా.తో మొదలుపెట్టి 4-6 వారాల తర్వాత 10కి పెంచుతారు. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గడం మొదట్లో మామూలే. పీడకలలు వస్తుంటే పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. ఇది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయమని అడగండి. కళ్ళు తిరిగి పడిపోతే వెంటనే చెప్పాలి.

రివాస్టిగ్మిన్. మాత్ర కడుపుకు పడనివారికి దీని పట్టీ (చర్మానికి అంటించే ప్యాచ్) బాగుంటుంది. కొత్తది అంటించే ముందు పాతది తీసేయాలి. ఇది మరచిపోయి ఒంటి మీద రెండు మూడు పట్టీలతో వాంతులు చేసుకుని ఆసుపత్రికి చేరినవారున్నారు. అంటించిన చోటే 14 రోజుల లోపు మళ్ళీ అంటించవద్దు. పట్టీ మీద తేదీ రాయండి.

మెమాంటిన్. మధ్య దశ నుంచి ఇస్తారు. 5 మి.గ్రా.తో మొదలై వారానికి కొంచెం చొప్పున 20 దాకా పెరుగుతుంది. కిడ్నీ సరిగా లేకపోతే తగ్గిస్తారు.

ఒక చిక్కు ప్రత్యేకంగా చూసుకోండి. డొనెపెజిల్ వల్ల కొందరికి మూత్రం ఆగదు. దానికి ఇంకో డాక్టరు ఆక్సిబ్యుటినిన్ రాస్తారు. మెదడులో ఒకటి పెంచే రసాయనాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. రెండు మందులకూ డబ్బు పోసి మతిమరుపు పెంచుకున్నట్లు అవుతుంది. కొత్త చీటీ వచ్చిన ప్రతిసారీ పాతవన్నీ చూపించాలనేది ఇందుకే.

బ్రాహ్మి, కొబ్బరినూనె, జింకో వంటివి అల్జీమర్స్‌ను ఆపుతాయనడానికి ఆధారం లేదు. రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి జింకో ప్రమాదం కూడా.

8. కొత్త ఇంజెక్షన్లు

లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో ఎఫ్‌డీఏ పూర్తి అనుమతి ఇచ్చింది. ఇవి అమిలాయిడ్‌ను తొలగిస్తాయి. లెకానెమాబ్ ప్రయోగంలో 18 నెలల్లో క్షీణత సుమారు 27 శాతం నెమ్మదించింది. జబ్బు ఆగలేదు, తిరగబడనూ లేదు.

తొలి దశలో ఉండి, అమిలాయిడ్ ఉన్నట్లు పరీక్షలో రుజువైనవారికే ఇవి. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పదేపదే ఎంఆర్ఐలు తీయాలి. ఏపీఓఈ-4 రెండు ప్రతులున్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ. మంచం పట్టిన పెద్దవారి కోసం పొలం అమ్మి వీటిని తెప్పించాలనుకోవద్దు. వారికి ఇవి పనిచేస్తాయని తేలలేదు.

9. ఇంట్లో చికిత్స

సాయంత్రం అయ్యేసరికి సొంత ఇంట్లోనే కూర్చుని "ఇంటికి వెళ్తాను" అంటారు. "ఇదే కదా మన ఇల్లు" అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. "వెళ్దాం, ముందు టీ తాగుదాం" అని పక్కకు తిప్పండి. పొద్దుగూకక ముందే లైట్లన్నీ వేయండి. నీడలు తగ్గితే భయం తగ్గుతుంది.

హఠాత్తుగా కోపం, అరుపులు, నిద్రలేమి పెరిగితే మత్తు మాత్ర అడిగే ముందు ఇవి చూడండి:

- మలబద్ధకం ఉందా? మూత్రంలో మంటా?
- పన్ను నొప్పి, మోకాలి నొప్పి చెప్పలేకపోతున్నారా?
- నీళ్ళు తాగుతున్నారా?
- ఇంట్లో కొత్త మనిషి, టీవీ మోత, మారిన గది?
- ఈ వారం కొత్త మందు ఏదైనా మొదలైందా?

ఇలాంటప్పుడు శాంతపరచడానికి ఇచ్చే రిస్పెరిడోన్ వంటి మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణాల రిస్కును పెంచుతాయని 2005లోనే, హాలోపెరిడాల్ వంటి పాత మందులకూ అదే వర్తిస్తుందని 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తప్పనిసరైతే తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడతారు. ఎప్పుడు ఆపుతారో రాయించుకోండి. లెవీ బాడీ అనుమానం ఉంటే హాలోపెరిడాల్ ప్రాణాంతకం కావచ్చు.

ఇంటి భద్రత: రాత్రి గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి. బాత్రూం గడియ బయటి నుంచి తీయగలిగేలా మార్చండి. చొక్కా లోపలి వైపు ఫోను నంబరు కుట్టించండి. స్కూటరు తాళం కనిపించకుండా పెట్టండి.

చూసుకునే మనిషి ఒక్కరే అయితే ఆ మనిషి ముందుగా మంచం పడతారు, అది ఎక్కువగా ఇంటి కోడలో భార్యో అవుతుంది. వారానికి ఎవరు ఏ పూట అని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కాగితం మీద రాసుకోండి. దూరంగా ఉన్నవారు సహాయకుల జీతం భరించవచ్చు. వృద్ధుల సాయానికి ఎల్డర్‌లైన్ 14567, చూసుకునేవారి మనోవేదనకు టెలీమానస్ 14416 ఉన్నాయి. ఏఆర్‌డీఎస్ఐ అనే జాతీయ సంస్థ డిమెన్షియా కుటుంబాల కోసమే పనిచేస్తుంది.

10. కాగితాల పని తొలి దశలోనే

మన దేశంలో ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెప్పేది అదే. "జీపీఏ ఉంది కదా" అని ధీమాగా ఉన్నవారు తర్వాత సంరక్షకుడి నియామకం కోసం హైకోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. మనిషికి అర్థమయ్యే స్థితి ఉన్నప్పుడే, వారి ఇష్టప్రకారం ఇవి చేయించండి:

- బ్యాంకు ఖాతా ఉమ్మడిగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా
- అన్ని ఖాతాలకు, బీమాకు నామినీ
- వీలునామా, ఆ రోజు మతి స్థిమితంతో ఉన్నారన్న డాక్టరు సర్టిఫికెట్‌తో
- 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తమ తరఫున నిర్ణయించే ప్రతినిధి పేరు
- పింఛనుదారులైతే లైఫ్ సర్టిఫికెట్ ఇంటి నుంచే ఇచ్చే ఏర్పాటు

11. మళ్ళీ చూపించుకునేటప్పుడు

మందు మొదలైన మూడు నెలలకు, తర్వాత ఆరు నెలలకోసారి. ప్రతిసారీ పట్టుకెళ్ళవలసినవి: బరువు (తగ్గుతుంటే మందు కారణమేమో అడగాలి), నాడి వేగం, పడిపోయిన సందర్భాలు, మింగడంలో ఇబ్బంది, నోటుబుక్కులో చివరి రెండు వారాల పేజీలు. మందు వల్ల మేలు కనిపించకపోతే ఆపి చూద్దామా అని అడగడానికి మొహమాటపడవద్దు. ఆపినా మెల్లగా తగ్గించి ఆపాలి. ఆపాక కొద్ది వారాల్లో పరిస్థితి బాగా దిగజారితే తిరిగి మొదలుపెట్టే విషయం డాక్టరుతో వెంటనే మాట్లాడండి.